వంకాయ రంగు దీపం

ఖరగ్‌పూర్‌లో ట్రాఫిక్ అంటే బళ్ల రద్దీ కాదు, రైల్వే క్వార్టర్ల పేట. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి పనికొచ్చిన వాళ్ల మనవలు, మునిమనవలు ఈ ఊళ్లో ఇప్పటికీ ఇంట్లో తెలుగే మాట్లాడుకుంటారు. మేమూ వాళ్లలోనే. మా మావయ్యగారు సిగ్నల్ విభాగంలో పనిచేసి రిటైరయ్యారు. మావారిదీ రైల్వే ఉద్యోగమే. మా క్వార్టరు మొదటి అంతస్తులో, బాల్కనీ ఉత్తరం వైపు. ఎదురుగా పెద్ద వేపచెట్టు. ఎండాకాలంలో ఆ చెట్టే మాకు ప్రాణం. పుష్యమాసం వచ్చిందంటే మాత్రం బాల్కనీలోకి ఒక్క ఎండ పొడ రాదు.

ఆ బాల్కనీలో మూడు కుండీలున్నాయి. తులసి, కొత్తిమీర, కరివేపాకు. గోల్ బజార్లో కరివేపాకు దొరకదని కాదు. మా అత్తగారు ఊరి నుంచి తడిగుడ్డలో చుట్టి, రైల్లో ఒళ్లో పెట్టుకుని తెచ్చిన పిలక అది. ఆవిడ లేరు, మొక్క ఉంది. పోయిన శీతాకాలం అది రెమ్మ రెమ్మా పసుపెక్కి రాలిపోతుంటే మావయ్యగారు రోజూ కుండీ దగ్గర స్టూలు వేసుక్కూర్చునేవారు. మా అమ్మాయి వృక్షశాస్త్రంలో ఎమ్మెస్సీ చదువుతోంది. సంక్రాంతి సెలవులకొస్తూ మొక్కల దీపం ఒకటి కొనుక్కొచ్చింది. అరచేయంత పలక, దాని నిండా ఎరుపూ నీలమూ బుడ్డి దీపాలు. కుండీల్ని వంటింటి అరుగు మీదకి చేర్చి దాన్ని వెలిగించింది. కింద క్వార్టరు బౌది, అంటే బెంగాలీ వదినగారు, పైకొచ్చి, ఏం పూజ చేస్తున్నారని అడిగి వెళ్లింది.

నాలుగో రోజు రాత్రి తాతకీ మనవరాలికీ జరిగిన వాదం ఇది. అన్నం వడ్డిస్తూ, గిన్నెలు సర్దుకుంటూ నేను విన్నదంతా రాశాను. మొక్కలకి నీళ్లు పోసేదాన్ని, ఆకు కోసేదాన్ని నేనే గనక నాకూ ఇందులో పాలుంది.

తాత: అదేటమ్మా ఆ రంగు! వంకాయలు కోసి అరుగంతా పరిచినట్టుంది. ఆర్పెయ్ తల్లీ. మీ నానమ్మ మొక్క నల్లగా కనబడతంది.

మనవరాలు: నల్లగా కనబడాలనే పెట్టాను తాతా. ఆకు మీద పడ్డ వెలుగు తిరిగి మన కంటికి రాకపోతేనే గదా నలుపు. అంటే ఇచ్చినదంతా తాగేస్తోంది. తెల్ల దీపం పెడితే అందులో పచ్చని భాగాన్ని ఆకు వెనక్కి కొట్టేస్తుంది. ఆ మేరకు కరెంటు దండగే కదా.

తాత: ఎవరు చెప్పారు?

మనవరాలు: మొక్కే చెప్పింది. 1882లో ఎంగెల్‌మన్ అని జర్మనీ ఆయన ఒక పని చేశాడు. నీటిలో పెరిగే నాచు పోగు ఒకటి తీసుకుని, పట్టకంతో ఏడు రంగులుగా విడగొట్టిన వెలుగుని సూక్ష్మదర్శిని కింద దాని పొడవునా పడేటట్టు చేశాడు. ఆ నీళ్లలో ఆక్సిజన్ కోసం వెంపర్లాడే బాక్టీరియా వదిలాడు. పోగు మీద ఏ రంగు దగ్గర ఆక్సిజన్ ఎక్కువ పుడితే అవి అక్కడికి చేరతాయి. ఎరుపు దగ్గరా నీలం దగ్గరా గుంపులు కట్టాయి. పచ్చ దగ్గర పలచగా ఉన్నాయి. పత్రహరితం ఏ రంగు పట్టుకుంటుందో కొలిచినా అవే రెండు రంగులు వచ్చాయి. నేను తెచ్చిన పలకలో ఉన్నవి ఆ రెండే.

తాత మాట్లాడలేదు. లేచి వెళ్లి తలగడ పక్కనుండే టార్చి తెచ్చారు. వంకాయ దీపం ఆర్పి, వంటింటి లైటూ ఆర్పి, కరివేపాకు రెమ్మ ఒకటి ఎడమచేత్తో పట్టుకుని ఆకు వెనకనుంచి టార్చి వేశారు. ఆకు లోపల్నుంచి వెలిగింది. ఈనెలు ముదురుగా, వాటి నడుమ పలచని పచ్చ, అంచున వెంట్రుకంత పసుపు గీత. మా ముగ్గురి ముఖాలూ ఆ కాస్త పచ్చలోకి వంగాయి.

తాత: పచ్చని వెలుగుని ఆకు వెనక్కి కొట్టేస్తుందన్నావు. ఇది వెనక్కి రాలేదు, ముందుకొచ్చింది. అంటే పచ్చ లోపలికి పోతంది. పోయిందాంట్లో ఎంత బయటికొచ్చింది, ఎంత లోపలుండిపోయింది? లెక్కుందా?

మనవరాలు: ఉంది. మామూలు ఆకు మీద పచ్చని వెలుగు వంద పాళ్లు పడితే ఓ పది వెనక్కి పోతాయి, ఓ పది దాటి అవతలికి పోతాయి. మిగతా ఎనభై దాకా ఆకులోనే ఉంటాయి.

తాత: ఎనభై ఉంచుకుంటే దండగెలాగయింది?

ఆ ఎనభై నాకు కొత్త. ఆకు పచ్చగా కనిపిస్తుంది గనక పచ్చని వెలుగు దానికి అక్కర్లేదని నేనూ బళ్లో అలాగే నేర్చుకున్నాను. పరీక్షలో రాశాను కూడా.

మనవరాలు: సరే, ఒప్పుకుంటున్నాను. ఎంగెల్‌మన్ చూసినది సన్నని నాచు పోగు. సీసాలో పిండిన పత్రహరితం ఇంకో సంగతి. ఆకు మందంగా, పొరలు పొరలుగా ఉంటుంది. 1972లో టెక్సాస్‌లో మెక్రీ అనే ఆయన ఇరవై రెండు రకాల పంట మొక్కల ఆకులు తీసుకుని ఒక్కో రంగూ వేసి కొలిచాడు. ఎరుపు ముందుంది, నిజమే. పచ్చ సున్నా మాత్రం కాదు, బాగానే పనిచేసింది. 2009లో తెరషిమా, ఆయనతోటి జపాన్ శాస్త్రవేత్తలు ఇంకో సంగతి చూపించారు. గట్టి తెల్ల వెలుగులో ఉన్న ఆకుకి అదనంగా ఎరుపు వేస్తే పై పొరలే దాన్ని మింగేస్తాయి. వాటికప్పటికే కడుపు నిండి ఉంటుంది. పచ్చ వేస్తే అది కింది పొరల దాకా దిగుతుంది, ఆకలితో ఉన్న చోటికి చేరుతుంది. అలాంటప్పుడు ఎరుపు కంటే పచ్చే మేలు.

తాత: మరింకేటి? అయిపోయింది కదేటి వాదం.

మనవరాలు: అవలేదు తాతా. అదంతా ఎండంత వెలుగులో. మన వంటింట్లో పై పొరలకే కడుపు నిండటం లేదు, కింది పొరల సంగతి తర్వాత. ఇక్కడ లెక్క కరెంటుది. ఆకు వెలుగుని శక్తి లెక్కన తీసుకోదు, కణాల లెక్కన తీసుకుంటుంది. ఎర్ర కణమైనా నీలి కణమైనా దానికి ఒకటే కణం. నీలి కణంలో శక్తి ఎక్కువ, ఆ ఎక్కువంతా ఆకులో వేడిగా పోతుంది. రెండు నీలి కణాలకయ్యే శక్తితో మూడు ఎర్ర కణాలు వస్తాయి. అందుకే గదుల్లో అరలు అరలుగా ఆకుకూరలు పెంచేవాళ్లు ఎరుపు ఎక్కువా నీలం తక్కువా పెడతారు.

తాత: ఎరుపొక్కటే పెట్టుకోవచ్చు కదా మరి, అంత చవకైతే.

మనవరాలు: మొక్క పాడవుతుంది. ఉత్త ఎరుపులో కాడ సాగుతుంది, ఆకులు కిందకి ముడుచుకుంటాయి. నీలం ఉంటేనే మొక్క పొట్టిగా, గట్టిగా ఉంటుంది, ఆకు కింద రంధ్రాలు బాగా తెరుచుకుంటాయి. అందుకని కాస్త నీలం తప్పదు.

తాత: ఏ మొక్కకి ఎంతో నువ్వు కొలిచి వేస్తావా, ఆ పలక చేసినోడు వేశాడా?

జవాబు రాలేదు. పలక వెనక చూస్తే వాట్లు రాసున్నాయి, ఇంకేమీ లేదు. నేను కల్పించుకుని నా గోడు చెప్పాను. అప్పటికి ఆ దీపం వెలిగి నాలుగు రోజులైంది. మొదటి మూడు రోజులూ నేను దాని కిందే తులసికి నీళ్లు పోశాను. ఆకులన్నీ ఒకే నలుపు, ఒకే నిగనిగ. బాగుందనే అనుకున్నాను. నాలుగో రోజు పొద్దున్న దీపం వెయ్యకముందు కుండీని కిటికీ దగ్గరికి తీస్తే ఆకుల మీద సూదిమొనతో పొడిచినట్టు పసుపు చుక్కలు. ఆకు తిప్పితే సన్నని బూజు, అందులో కదిలే ఎర్రనలుసులు. ఎర్రనల్లి. పసుపుకీ పచ్చకీ తేడా చూపించే వెలుగే ఆ పలకలో లేదు. నా కళ్ల ముందు మూడు రోజులు అది పాకుతుంటే నాకు కనబడలేదు.

తాత: విన్నావా? మమ్మల్ని ఉద్యోగంలోకి తీసుకునేముందు డాక్టరు చుక్కల పుస్తకం ముందుపెట్టి అంకెలు చదవమనేవాడు. రంగు తెలీని కన్ను సిగ్నలు పనికి పనికిరాదని. మీ అమ్మది మంచి కన్నే. నువ్వు తెచ్చిన దీపం ఆ కన్ను మూసేసింది.

మనవరాలు: అమ్మ చెప్పిన దానికి నా దగ్గర జవాబు లేదు. నిజానికి అంతరిక్ష కేంద్రంలో నాసా వాళ్లు 2014లో మొక్కల పెట్టె ఒకటి పెట్టారు, వెజ్జీ అని. ఎరుపు, నీలం దీపాలతోపాటు అందులో పచ్చ దీపాలూ పెట్టారు. ఎక్కువగా మనుషుల కోసమే. తినే కూర వంకాయ రంగులో కాకుండా కూరలా కనబడాలని. 2015 ఆగస్టులో ఆ పెట్టెలో పండిన లెట్యూస్ ఆకులే అక్కడ తిన్నారు.

తాత: తెల్లది పెట్టెయ్ మరి. సూర్యుడు తెల్లగానే కదా ఉంటాడు.

మనవరాలు: ఇక్కడ నువ్వు పొరబడుతున్నావు తాతా. ట్యూబు తెలుపు, సూర్యుడి తెలుపు ఒకటి కావు. కంటికి ఒకటే, లోపల వేరు.

ఈ మాట మావయ్యగారికి కోపం తెప్పిస్తుందనుకున్నాను. ఆయన మొహం విప్పారింది. తన సామ్రాజ్యంలోకి ఎవరో అడుగుపెట్టినట్టు కుర్చీ ముందుకి లాక్కున్నారు.

తాత: ఆ సంగతి నాకు చెప్తావేటి! నేను చేరినప్పుడు చాలా చోట్ల స్తంభం మీది చెయ్యి లేచి దిగే సిగ్నళ్లే. సాయంత్రమయ్యేసరికి ల్యాంప్‌మేన్ కిరసనాయిలు దీపం పట్టుకుని నిచ్చెనెక్కి పైన పెట్టి దిగేవాడు. చెయ్యి దించితే దీపం ముందుకి రెండో అద్దం వచ్చేది. రాత్రి దూరం నుంచి చూస్తే పచ్చ. ఆ అద్దాన్ని పగలు చేతిలోకి తీసుకుని చూశావనుకో, పచ్చ కాదు, నీలం. మొదటిసారి నేనూ తప్పు అద్దం ఇచ్చారనుకున్నాను. మా పెద్దాయన చెప్పాడు. కిరసనాయిలు మంట పసుపురా, దాని ముందు పచ్చద్దం పెడితే పసుపు తిరిగిన పచ్చ వస్తుంది, డ్రైవరు దేన్ని చూసి ఏదనుకుంటాడో. నీలద్దం పెడితే పసుపు కట్టయిపోయి మంచి పచ్చ మిగులుతుంది అని. అప్పుడు తెలిసింది, దీపంలో ఏముందో అదే బయటికొస్తుంది గాని అద్దం కొత్తగా ఏదీ పుట్టించదు. ఉన్నదాంట్లోంచి కోసేస్తుంది, అంతే.

మనవరాలు: అబ్బ తాతా, ఇది మా క్లాసులో చెప్పాలి. అద్దం కోసేస్తుందన్న మాట తెలీక ఒకప్పుడు అమెరికాలో పెద్ద మోజే నడిచింది. ప్లెజంటన్ అని ఒక సైన్యాధికారి తన ద్రాక్ష పందిరి గదికి మామూలు అద్దాల మధ్య నీలం అద్దాలు పెట్టించాడు. ద్రాక్ష విరగకాసింది, అదంతా నీలం మహిమేనని 1876లో నీలం కాగితం మీద నీలం సిరాతో పుస్తకమే వేశాడు. జనం కిటికీలకి నీలం అద్దాలు బిగించుకున్నారు. పడే ఎండలో కొంత కోసుకుని మొక్కకి మేలు చేస్తున్నామనుకున్నారు. ఇప్పటి దీపాల సంగతి వేరు, వీటికి అద్దం లేదు, రంగు దీపంలోనే పుడుతుంది. నీలం ఎల్‌ఈడీ బాగా వెలిగేది 1993 దాకా లేదు. అది కనిపెట్టినందుకే 2014లో అకసాకి, అమనో, నకమురాలకి నోబెల్ ఇచ్చారు. మన ఇంటి తెల్ల ట్యూబు లోపలున్నది ఆ నీలమే. దానిమీద పసుపు పూత ఉంటుంది. నీలం కొంత పూతలో పడి పసుపై, కొంత నీలంగానే బయటికొస్తుంది. రెండూ కలిసి మన కంటికి తెలుపు.

తాత: అంటే దాని లోపల కూడా నీలి మంటే ఉంది. ఎరుపో?

మనవరాలు: పూతని బట్టి. డబ్బా మీద 6500 అని ఉండే చల్లని తెలుపులో నీలం జాస్తి, ఎరుపు కాస్త తక్కువ. 2700, 3000 అని ఉండే పసుపు తెలుపులో ఎరుపు ఎక్కువ, నీలం తక్కువ. పచ్చ రెండింట్లోనూ బోలెడు. మొక్కకి కావలసినవన్నీ ఎంతో కొంత ఉంటాయి.

తాత: నేను గెలిచినట్టే కదేటి.

మనవరాలు: గెలవలేదు. నీ తెల్ల ట్యూబు ఇన్నాళ్లూ ఈ వంటింట్లో గోడ మీద వెలుగుతూనే ఉంది. దాని వెలుగుతో మొక్కకి కడుపు నిండుతుందా?

ఫోను తీసి వెలుగు కొలిచే యాప్ తెరిచింది. అరుగు మీద కరివేపాకు పక్కన పెడితే 180 లక్సులు. ఆ మధ్యాహ్నమే కింద రోడ్డు మీద ఎండలో కొలిస్తే అరవై వేలు దాటిందట. బాల్కనీలో వెయ్యి. నాకు ఆ మూడు అంకెలూ పక్కపక్కన వింటే దిగులేసింది. నా కంటికి వంటింట్లో చదువుకునేంత వెలుగుంది. మన కన్ను చీకటికీ ఎండకీ తననే మార్చుకుంటుంది గనక తేడా పట్టదు. అత్తగారి మొక్క ఆ తేడాలోనే నెలల తరబడి పస్తులుంది.

తాత: నీ వంకాయ దీపం కింద పెట్టి చూడు, ఎంతొస్తుందో.

మనవరాలు: వద్దు, తక్కువ చూపిస్తుంది, అది మోసం. లక్సు అన్నది మనిషి కంటి కొలత. మన కంటికి పచ్చ బాగా తెలుస్తుంది, ఎరుపూ నీలమూ తక్కువగా తెలుస్తాయి. అందుకని అదే లెక్కన కొలిస్తే వంకాయ రంగు ఎప్పుడూ ఓడిపోతుంది. తెల్ల దీపాల్ని ఒకదాంతో ఒకటి పోల్చడానికైతే ఈ యాప్ చాలు.

నాకు నచ్చిన చోటు ఇది. ఏ కొలత దేనికి చెల్లుతుందో, దేనికి చెల్లదో చెప్పింది. మావయ్యగారు కూడా తల ఊపారు.

మనవరాలు: ఇంకోటి. తొమ్మిది వాట్ల బల్బు సీలింగుకి ఉంటే, రెండున్నర మీటర్ల కింద మొక్కకి చేరేది ముప్పై లక్సులు కూడా ఉండదు. అదే బల్బు జానెడు కన్నా తక్కువ ఎత్తులో ఉంటే వేలల్లో ఉంటుంది. దూరం సగమైతే వెలుగు నాలుగింతలు. దీపం రంగు మార్చి మార్చి నువ్వు సంపాదించేది పదో ఇరవయ్యో శాతం. దీపాన్ని కిందకి దించితే వంద రెట్లు. ముందు దించాలి, తర్వాత రంగు సంగతి.

తాత: మరి నాలుగు రోజులుగా రంగు గురించి కొట్లాడతన్నావెందుకు!

మనవరాలు: నువ్వు కొట్లాడితే నేనూ కొట్లాడాను.

ఇద్దరూ కాసేపు ఊరుకున్నారు. నేను పెరుగు వడ్డించాను. మళ్లీ తాతే మొదలుపెట్టారు, ఈసారి గొంతు తగ్గించి.

తాత: హౌరా నుంచి రాత్రి లోకల్లో వస్తుంటే పాన్‌స్కురా దాటాక, ఖిరాయి దగ్గర, పొలాల్లో బల్బులు చూశావా? చామంతి తోటలు. చంద్రమల్లిక అంటారు ఇక్కడి బెంగాలీలు. వరసలు వరసలుగా తీగలకి బల్బులు కట్టి రాత్రిళ్లు వెలిగిస్తారు. పెళ్లి పందిళ్లేమో అనుకునేవాణ్ని మొదట్లో. నువ్వు చెప్పిన లెక్కన చూస్తే ఆ బల్బులు అంత ఎత్తునుండి, అంత దూరం దూరంగా ఉండి, మొక్క నోట్లోకి మెతుకు కూడా పెట్టవు. మరి అంత కరెంటు పోసి వాళ్లెందుకు వెలిగిస్తారు? రైతు ఊరికే డబ్బు తగలెయ్యడు కదా.

మనవరాలు: అది తిండి కాదు తాతా. రాత్రి కాలేదని చెప్పడం. చామంతి రాత్రి ఎంత పొడుగుందో కొలుచుకుంటుంది. రాత్రి పొడుగైతే శీతాకాలం వచ్చిందని మొగ్గ వేస్తుంది. మధ్యలో కాస్త వెలుగు పడితే చాలు, ఆ లెక్క తెగిపోతుంది, ఇంకా కాడ పెంచుకుంటూనే ఉంటుంది. కాడ పొడుగయ్యాక, బజారు తేదీ చూసుకుని దీపాలు ఆపేస్తారు. అప్పుడు మొగ్గ వేస్తుంది.

తాత: అయితే అది సిగ్నలు!

మనవరాలు: ఏమన్నావ్?

తాత: సిగ్నలు దీపంతో ఎవడైనా అన్నం వండుకుంటాడా? దాని వెలుగులో పేపరు చదువుతాడా? అది ఉన్నది వెలుగివ్వడానికి కాదు, మాట చెప్పడానికి. ఆగు, పో, అంతే. దానికి వాట్లు అక్కర్లేదు. రంగు కావాలి, సమయం కావాలి. ఆ చామంతి బల్బు అలాంటి సిగ్నలే. నువ్వు ఇందాకట్నుంచీ చెప్పేది ఇంజన్లో బొగ్గు సంగతి. రెండూ వెలుగులే, పనులు వేరు.

అమ్మాయి చెయ్యి ఆగిపోయింది. పెరుగన్నం ముద్ద చేతిలోనే ఉంది.

మనవరాలు: తాతా, ఇది ఇంకా ముందుకి పోతుంది. మొక్కలో ఫైటోక్రోమ్ అని ఒక పదార్థం ఉంది. 1952లో అమెరికాలో బెల్ట్స్‌విల్ దగ్గర బోర్త్‌విక్, హెండ్రిక్స్, వాళ్లతోటివాళ్లు లెట్యూస్ గింజలు తడిపి చీకట్లో పెట్టారు. ఎర్ర వెలుగు కాసేపు చూపిస్తే మొలకెత్తాయి. ఆ తర్వాత కంటికి కనబడీ కనబడని ముదురెరుపు, 730 నానోమీటర్లది, చూపిస్తే మొలకెత్తలేదు. మళ్లీ ఎరుపు, మళ్లీ మొలక. ఎన్నిసార్లు మార్చినా చివర చూపించింది ఏదైతే దాని మాటే విన్నాయి.

తాత: అంతే కదా మరి. డ్రైవరు కూడా ఆఖర్న ఏది చూశాడో అదే.

మనవరాలు: మన వేపచెట్టు చేసేదీ అదే. దాని ఆకులు ఎరుపంతా తినేసి ముదురెరుపుని కిందకి వదిలేస్తాయి. మన బాల్కనీకి వచ్చేది ఆ మిగులు. కరివేపాకు దాన్ని చదువుకుని, నా నెత్తిమీద ఇంకో చెట్టుంది, ఎలాగైనా పైకి సాగాలి అనుకుంటుంది. అసలే తిండి తక్కువ, ఉన్నది కాస్తా కాడ పొడిగించుకోడానికి ఖర్చు. అందుకే అది అలా పీలగా సాగింది. తెల్ల ట్యూబులో ఆ ముదురెరుపు దాదాపు ఉండదు. దాని కింద పెడితే చెట్టు నీడ కబురు ఆగిపోతుంది.

తాత: వేపని కొట్టించమంటావేటి?

మనవరాలు: వద్దు వద్దు. కుండీ లోపలుంటే చాలు.

తాత: అన్ని మొక్కలూ ఆ చామంతిలా వింటాయా, రాత్రి దీపం పెడితే పూలు ఆపేస్తాయా?

మనవరాలు: లేదు. ఆంధ్రలో, తెలంగాణలో డ్రాగన్ ఫ్రూట్ రైతులు కూడా రాత్రిళ్లు తోటల్లో బల్బులు వెలిగిస్తారు, కాపు లేని చలికాలంలో పూత రప్పించడానికి. ఒకటే దీపం, ఒకటే కబురు, వేసవి ఇంకా ఉందని. చామంతి విని ఆగుతుంది, డ్రాగన్ ఫ్రూట్ విని పూస్తుంది.

నా మాట ఇక్కడ చెప్పాలి. బజారులో మొక్కల దీపం కొనేవాళ్లకి రంగుని మందులా అమ్ముతున్నారు. ఈ రంగు ఆకుకి, ఆ రంగు పువ్వుకి అని. ఇంట్లో నాలుగు కుండీలు పెట్టుకునేవాళ్లకి ఆ రంగు మంచి చేసేది కొంచెమే, ఆకు మీద జబ్బు దాచేది చాలా. వందల అరల్లో ఆకుకూర పండించేవాళ్లు, ప్రతి యూనిట్టూ లెక్కపెట్టేవాళ్లు, ఏ రంగు ఎంతో కొలిచి వేసుకుంటారు. అది వాళ్ల పని, వాళ్లకి తగినదే. చామంతి రైతుకి దీపంతో చెప్పాల్సిన మాట ఒకటుంది గనక ఆయన రాత్రి దీపం పెట్టాడు. నేను అత్తగారి మొక్కకి చెప్పాల్సిన మాటంటూ ఏమీ లేదు. దాని కడుపు నిండాలి, ఆకుల్లో పసుపు మొదలైన రోజునే నాకు కనబడాలి.

మర్నాడు మావయ్యగారే గోల్ బజారుకి వెళ్లి ఇరవై వాట్ల ట్యూబులు రెండు తెచ్చారు, ఒకటి చల్లని తెలుపు, ఒకటి పసుపు తెలుపు. మనవరాలితో రాజీ అన్నమాట. అరుగు మీది అలమారకి కొక్కేలు కొట్టి, తాళ్లతో వాటిని కుండీల పైన వేలాడదీశారు. మొక్క పెరిగేకొద్దీ తాడు పైకి లాగేలా ముడి వేశారు. ఆకులకి జానెడు ఎత్తులో ఉండగా ఫోను పెడితే ఏడు వేల చిల్లర చూపించింది.

తాత: చాలా?

మనవరాలు: కొత్తిమీరకి ఫరవాలేదు. కరివేపాకుకి అరకొర భోజనమే. దానికి ఎండ కావాలి. చలికాలం గట్టెక్కిస్తే మాఘం పోయాక మేడ మీదకి మోద్దాం. అన్నట్టు రోజుకి పదహారు గంటలు వెయ్యండి. ఎంతసేపు వెలిగితే అంత తిండి.

తాత: కొత్తిమీరక్కూడానా?

మనవరాలు: అన్నిటికీ ఒకటే దీపం కదా.

తాత: రాత్రి పొడుగు తగ్గితే కొత్తిమీర ఏమనుకుంటుంది?

అమ్మాయి నోరు తెరిచి మూసింది. లెక్క వేసుకుంటున్నట్టు కుండీకేసి చూసింది. కొత్తిమీర పొడుగు పగళ్లు చూసిందంటే ఆకు మాని, పొడుగ్గా కాడ లేపి పువ్వుకొచ్చేస్తుంది. ధనియాలొస్తాయి, పచ్చట్లోకి ఆకు ఉండదు.

మనవరాలు: పన్నెండు గంటలు చాలు తాతా.

ఆ రోజు నుంచీ పొద్దున్న ఆరింటికి నేను స్విచ్చి వేస్తాను. సాయంత్రం ఆరింటికి ఆయన లేచి వచ్చి ఆర్పుతారు. ఆర్పాక టార్చి పట్టుకుని ఒక్కో ఆకూ తిప్పి అడుగున చూస్తారు. తులసి మీద ఎర్రనల్లి రెండోసారి వచ్చినప్పుడు ముందు చూసినది ఆయనే. వంకాయ పలక అమ్మాయి హాస్టలుకి తీసుకెళ్లింది, నాచు పోగు మీద ఎంగెల్‌మన్ పని తనూ ఒకసారి చేసి చూస్తుందట. నిన్న ఫోన్లో అడిగింది, కరివేపాకు కొత్త చిగురు వేసిందా అని. వేసింది. రాగి రంగులో, గోరంత.